మళ్లీ పసుపెక్కిన గోరు

కాలి బొటనవేలికి పూర్తిగా కొత్త గోరు రావడానికి ఏడాది పైనే పడుతుందని నాకు ముందు తెలియదు. చేతి గోళ్లు వారం వారం కత్తిరించుకుంటాం కాబట్టి కాలి గోళ్లు కూడా అంతే అనుకుంటాం. అవి అలా పెరగవు. ఎంత మెల్లగా పెరుగుతాయంటే, వాటినే చూస్తూ కూర్చున్న మనిషికి ఏమీ జరగనట్టే ఉంటుంది. మూడు వానాకాలాలు నేను అలాగే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కొంచెం కుదుటపడ్డాను కాబట్టి రాస్తున్నాను. గోరు పుచ్చిన ప్రతివాళ్లకూ నాకు అయినట్టే అవుతుందని కాదు. చాలామందికి అది చిన్న విషయం. నాకు ఎందుకు చిన్నది కాలేదో చెబితే, గోళ్ల రంగు కింద దాన్ని దాచుకుని తిరిగేవాళ్లు ఒక్కరైనా కాస్త ముందుగా డాక్టరు దగ్గరికి వెళతారేమోనని ఆశ.

నేను బస్సు కండక్టరును. ఇల్లు కోరుట్లలో. నా భర్త గంగాధర్ మస్కట్‌లో ఏసీల పని చేస్తాడు. సెలవు దొరికినప్పుడు వచ్చి పోతుంటాడు. ఇంట్లో నేను, కాలేజీలో చదివే మా బిడ్డ అక్షిత. మా అవ్వ, అంటే మా అమ్మ, సిరిసిల్లలో ఒక్కతే ఉంటుంది. నా డ్యూటీ ఎక్కువగా కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు పడుతుంది. అందుకని వారం సెలవు వచ్చినప్పుడు అవ్వ దగ్గరికి పోయి ఒక పూట ఉండి రావడం అలవాటైపోయింది. అక్షితకు కాలేజీ లేకపోతే అది కూడా వస్తుంది.

ఆ ఏడు శివరాత్రికి వేములవాడ బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం దిగే తొందరలో బియ్యం మూటను నా కుడికాలి మీద దించింది. చెప్పులోంచి బయటికి ఉన్న బొటనవేలు దాని కింద నలిగింది. పాపం వాళ్లు చాలా బాధపడ్డారు. ఒకామె తన సీసాలోని నీళ్లు నా కాలి మీద పోసింది. గోరు నల్లబడింది, ఎండాకాలమంతా నల్లగానే ఉంది. మళ్లీ కాలు నలగకూడదని మూసి ఉండే బూట్లు కొనుక్కున్నాను. వానలు పడ్డాక అవి రోజూ తడిసేవి. రాత్రంతా గుమ్మం లోపల పెట్టినా ఆరేవి కావు. పొద్దున వాటినే తొడుక్కుని వెళ్లిపోయేదాన్ని. సాయంత్రం విప్పితే వేళ్ల సందులు తెల్లగా నాని ఉండేవి.

ఆ వానాకాలం సగంలో, ఒక సెలవు రోజు పెరట్లో కాళ్లు రుద్దుకుంటుంటే చూశాను. నల్ల మచ్చ పైకి జరిగిపోయింది. దాని కింద వచ్చిన గోరు మాత్రం గోరు రంగులో లేదు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ము రంగులో ఉంది. అంచు దగ్గర దళసరిగా లేచి ఉంది. పుల్లతో కదిపితే పురుగు పట్టిన మక్కగింజలోంచి వచ్చినట్టు పిండి రాలింది.

నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. ఎందుకంటే మా బాపుకు, అంటే మా నాన్నకు కూడా మొదట నొప్పి లేదు.

బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. పొద్దంతా వాటి మధ్య నిలబడే పని. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన కాలి బొటనవేలి గోరు ఇలాగే పసుపెక్కి, మందమై, వంకర తిరిగింది. షుగరు ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. గోరు చెప్పుకు అడ్డం వస్తోందని ఒకరోజు బ్లేడు తీసుకుని తనే చెక్కుకున్నాడు. వేలు తెగింది. తెగినట్టు ఆయనకు తెలియలేదు. నేల మీద రక్తపు అడుగులు చూసి అవ్వ అరిస్తే, ఎవరికి దెబ్బ తగిలిందని చుట్టూ చూశాడు. ఆ తర్వాత జరిగింది ఎక్కువ రాయలేను. మొదట వేలు తీశారు, తర్వాత మోకాలి కింద వరకూ తీశారు. ఇంట్లో మందుల వాసన, దాని కింద ఇంకో వాసన.

కాలు తీసి ఇంటికి తెచ్చాక, నేను చదువుకుంటుంటే బాపు మంచం మీంచి పిలిచేవాడు.

"బిడ్డా, బొటనవేలు దురద పెడుతుంది. జర గోకు."

ఏ బొటనవేలో చెప్పేవాడు కాదు. చూపు మాత్రం దుప్పటి చదునుగా పరుచుకున్న వైపు ఉండేది. నేను పుస్తకం పక్కన పెట్టి, ఏమీ లేని చోట దుప్పటి మీద గోళ్లతో గీకేదాన్ని. ఇంకొంచెం కిందికి అనేవాడు. కిందికి గీకేదాన్ని. అప్పుడు ఆయన ముఖం నెమ్మదించేది. తర్వాతి ఉగాది ఆయన చూడలేదు.

అందుకని పెరట్లో ఆ పిండి రాలినప్పుడు నేను చూసింది నా గోరు కాదు. నా కాలి చివర బాపు గోరు ఉంది.

ఎవరికీ చెప్పలేదు. కుంకుమ రంగు గోళ్ల రంగు కొని వేసుకున్నాను. బస్సులో టికెట్లు కొడుతూ మనుషుల ముఖాలు చూడడం మానేసి కాళ్లు చూడడం మొదలుపెట్టాను. ఎంతమందికి పసుపు గోళ్లున్నాయో అప్పుడే తెలిసింది. వాళ్లంతా హాయిగా కూర్చుని మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. నాకు మాత్రం ప్రతి పసుపు గోరూ ఎక్కడికి పోతోందో తెలిసినట్టుండేది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే వేళ్ల మధ్య దురద చప్పున తగ్గింది. ఆపితే అంతకు రెట్టింపు వచ్చింది. మళ్లీ రాశాను. అలా దసరా దాకా రాస్తూ ఆపుతూ, పాదం పక్కకు పాకేదాకా తెచ్చుకున్నాను.

కనిపెట్టింది అక్షిత. బతుకమ్మ పేర్చడానికి కూర్చున్నప్పుడు నా కాళ్ల వైపే కాసేపు చూసి, "మమ్మీ, ఒక్క కాలికే రంగేసుకుంటవేంది?" అని అడిగింది. తంగేడు పూలు పక్కకు నెట్టి నా కాలు తన ఒళ్లోకి లాక్కుంది. మా బిడ్డ అలా పట్టుకుంటుందని అనుకోలేదు. నేను వెనక్కి లాక్కున్నాను. ఎందుకంత గట్టిగా లాక్కున్నానో దానికి అర్థం కాలేదు, బాపు సంగతి దానికి అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

పండుగ కాగానే అక్షితే నన్ను జగిత్యాల తీసుకుపోయింది. చర్మం డాక్టరు దగ్గర బయట గది నిండా జనం. అక్కడ కూర్చోవడం వేరే రకంగా ఉంటుంది. జ్వరం వచ్చినవాళ్లు ఒకరి మీద ఒకరు వాలి కూర్చుంటారు. ఇక్కడ ఎవరి కుర్చీ వాళ్లు కొంచెం జరుపుకుని, కొంగో చేతిరుమాలో దేనిమీదో కప్పుకుని కూర్చుంటారు. ఒకరి వంక ఒకరు చూడరు. నా పక్కన మల్లాపూర్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. ఆమె పెదవుల చుట్టూ, చేతుల మీద తెల్ల మచ్చలు. ఆమె ఒక్కతే ఏమీ కప్పుకోలేదు. సంచిలోంచి సకినాలు తీసి నా వైపు చాపింది, చాపిన చెయ్యి మధ్యలో కొంచెం ఆగింది, నేను తీసుకుంటానో లేదో అని. నేను తీసుకున్నాను. ఆమె నా బూట్ల వైపు చూసి, మొదటిసారి అందరికీ గట్లనే ఉంటదని, లోపలికి పోయినంక భయం సగం పోతదని చెప్పింది. ఆమె పేరు అడగాలని కూడా తోచలేదు. ఆ సకినం రుచి మాత్రం గుర్తుంది, నువ్వులు ఎక్కువ పడ్డాయి.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. గోరు గీకి ఆ పొడి పరీక్షకు పంపింది. ఇది ఫంగసు అంది. పాత ట్యూబు చూపిస్తే, ఇది దురదను అణచి ఫంగసును పెంచుతుందని చెత్తబుట్టలో పడేసింది. నెలల తరబడి వేసుకోవాల్సిన మాత్రలు రాసింది. లివరు పరీక్షతో పాటు షుగరు పరీక్ష కూడా చేయించుకోమంది. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడిగితే, మా బాపుకు ఉండేదని మాత్రం చెప్పాను. లివరుకు రక్తం ఇచ్చాను. షుగరుకు పరగడుపున రావాలన్నారు. మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను. అక్షిత బస్సులో గుర్తు చేసింది. డ్యూటీ చూసుకుని పోదామన్నాను. ఆ కాగితం మీద ఏముంటుందో చూడకపోతే అది లేనట్టే అనిపించేది నాకు.

చలికాలం మంచిగా గడిచింది. మాత్రలు వేసుకుంటున్న కొద్దీ గోరు మొదట్లో సన్నటి గులాబి రంగు గీత కనిపించింది. రోజూ పొద్దున బూటు వేసుకునే ముందు ఆ గీతను వేలితో తడిమేదాన్ని. ఎండాకాలం వచ్చేసరికి సగం గోరు శుభ్రమైంది. పాదం పక్కన పొట్టు రాలడం ఆగింది. ఇక తగ్గినట్టే అనుకుని మాత్రలు ఆపేశాను. ఇంకా వాడాలని డాక్టరమ్మ చెప్పే ఉంది. కానీ ఆ మాత్ర మింగినప్పుడల్లా నేను రోగినని గుర్తొచ్చేది. ఆపిన రోజు నుంచి రోగిని కాననిపించింది. గంగాధర్‌కు ఫోనులో తగ్గిందని చెప్పి, వీడియోలో కాలు కూడా చూపించాను.

మళ్లీ వానలు పడ్డాయి. ఎంత చూసుకుని నడిచినా బస్టాండుల్లో బురద తప్పదు. బూట్లు అవే, తడి అదే. గులాబి గీత ముందుకు జరగడం ఆగిపోయింది. కొన్నాళ్లకు దాని వెనక నుంచి పసుపు మొదలైంది. ఈసారి పక్క వేలికి కూడా.

మొదటిసారి వచ్చినప్పుడు భయపడ్డాను. రెండోసారి వచ్చినప్పుడు భయం కాదు, ఎవరో తెలిసినవాళ్లు ఇంటికి తిరిగి వచ్చినట్టు అనిపించింది. అది ఇంకా చెడ్డది. డ్యూటీలో నిలబడి ఉంటే బూటు లోపల బొటనవేలు దురద పెట్టేది. వంగి గోకలేను. బాపు గొంతు వినిపించేది, ఇంకొంచెం కిందికి అని. ఒకసారి వేములవాడ దాటాక అది ఎంత గట్టిగా వినిపించిందంటే, టికెట్ అడుగుతున్న పెద్దాయనకు చిల్లర ఇవ్వడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఆయన లేచి తన సీటు నాకిచ్చి, జర కూసో బిడ్డా అన్నాడు.

గంగాధర్ మొదట నవ్వాడు. గోరు కోసం ఇంత రంధి పెట్టుకుంటారా అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోను చేసినప్పుడు ఆయన గొంతు మారింది. తన గదిలో ఉండే కరీంనగర్ అబ్బాయి కాలు వాచి, జ్వరమొచ్చి, ఆసుపత్రిలో పడ్డాడట. వేళ్ల మధ్య పగులు నుంచి మొదలైందని అక్కడి డాక్టర్లు చెప్పారట. "సుజాతా, నువ్వు షుగరు చూపించుకున్నవా?" అని అడిగాడు. చూపించుకున్నానని అబద్ధం చెప్పబోయి, ఆగి, లేదన్నాను.

అయినా నేను వెళ్లలేదు. వెళ్లేలా చేసింది అక్షిత కాలు.

కాలేజీ నుంచి వచ్చి సాక్సులు విప్పుతుంటే చూశాను. దాని ఎడమకాలి బొటనవేలి అంచున పసుపు. చిన్నది, బియ్యం గింజంత. దాని కాలు చేతిలోకి తీసుకోబోతే ఈసారి అది లాక్కుంది. చాన్నాళ్లుగా తెలుసట. నాకు చెబితే నేను ఏమైపోతానోనని దాచిందట. తర్వాత ఏడుపు, కోపం అన్నీ కలిసి వచ్చాయి.

"నువ్వు మాత్రలు ఆపినప్పుడే చెప్పిన మమ్మీ. నీకు అచ్చింది నాకు సుత అచ్చింది. ఇగ ఎవరికి రావాలె?"

ఆ మాట అన్నందుకు అదే తర్వాత బాధపడింది. కానీ అది అన్నది నిజం. బాత్రూంలో ఇద్దరివీ ఒకే రబ్బరు చెప్పులు, తడి కాళ్లు తుడుచుకునేది ఒకే పట్టా, గోళ్లు తీసుకునేది ఒకే కట్టరు. బాపు నుంచి నాకు, నా నుంచి దానికి. ఆ సాయంత్రం అన్నం పెట్టుకుని ఇద్దరం తినకుండా కూర్చున్నాం. మర్నాడు పరగడుపున జగిత్యాల బస్సెక్కాం.

షుగరు ఉంది. ఇప్పుడిప్పుడే మొదలైందని, తిండి, నడక, ఒక చిన్న మాత్రతో అదుపులో ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు మొదటి మాట తర్వాత ఏమీ వినపడలేదు. బల్ల మీద పడుకోమంది. అప్పుడు బాపు సంగతి మొత్తం చెప్పాను. రక్తపు అడుగులు, దుప్పటి, అన్నీ. అక్షిత కూడా అప్పుడే మొదటిసారి విన్నది, తలుపు దగ్గర నిలబడి.

డాక్టరమ్మ సన్నటి నైలాను దారం లాంటిది తీసుకుంది. కళ్లు మూసుకుని, కాలికి ఏదైనా తగిలినప్పుడల్లా చెప్పమంది. కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. గది బయట ఎవరో పిల్ల ఏడుస్తోంది. ఇంకా ఏమీ లేదు. నాకు తెలియడం లేదు, దారం తగులుతూనే ఉంది, నా కాలు కూడా పోయింది అనుకున్నాను. అప్పుడు బొటనవేలి కింద చీమ పాకినట్టు తగిలింది. తగిలిందని చెప్పాను. మళ్లీ మడమ దగ్గర. మళ్లీ చిటికెన వేలి దగ్గర. ఆమె కావాలనే మధ్యలో ఆగుతోందని తర్వాత తెలిసింది. ప్రతిసారీ చెప్పాను. చివరికి ఏడుస్తూ చెప్పాను.

"మీ కాలు మీకు తెలుస్తుందమ్మా. మీ నాయనకు తెలవలేదు. తేడా గదే. గోరు మళ్లీ మళ్లీ వస్తది, గోరు స్వభావమే గంత. కాలు పోవాలని ఏం లేదు" అంది డాక్టరమ్మ.

ఈసారి డాక్టరమ్మ చెప్పినట్టు విన్నాను. వాళ్లు మాత్రలు ఆపమన్నదాకా వేసుకున్నాను, గోరు బాగుందని నాకు అనిపించినా సరే. రెండు జతల బూట్లు పెట్టుకుని ఒక జత వేసుకున్న రోజు రెండోది డాబా మీద ఎండలో పెట్టడం మొదలుపెట్టాను. వానరోజుల్లో లోపల పాత పేపరు కుక్కి ఫ్యాను కింద పెడతాను. నూలు సాక్సులు ఒక జత సంచిలో ఉంటాయి, సిరిసిల్లలో బస్సు ఆగినప్పుడు మారుస్తాను. మొదట్లో డ్రైవరన్న నవ్వేవాడు, తర్వాత ఆయనే బస్సు ఆగగానే "కాళ్లు మార్చుకోరాదు చెల్లె" అని గుర్తు చేసేవాడు. స్నానం కాగానే వేళ్ల మధ్య తడి ఒక్కొక్కటిగా తుడుచుకుంటాను, ఆ బట్ట ఇంకెవరూ ముట్టుకోరు. ఆరాక పొడి వేసుకుంటాను. అక్షితకు, నాకు వేరువేరు చెప్పులు, వేరువేరు కట్టర్లు. గోరు లోపలికి తవ్వకుండా అడ్డంగా, తిన్నగా తీసుకుంటాను, బ్లేడు ఇంట్లోనే ఉంచలేదు. అక్షితకు మొదట్లోనే మందు పడింది కాబట్టి దానికి ఆర్నెల్లు దాటేసరికి తగ్గుముఖం పట్టింది. వేళ్ల మధ్య దురద మొదలైతే అది గోరు దాకా పోకముందే మందు రాయాలని మా ఇద్దరికీ తెలుసు. ఎక్కడైనా తడి నేల మీద ఒట్టి కాళ్లతో నడవం. వేములవాడ గుడి గుండం దగ్గర కూడా అక్షిత నన్ను గదమాయించి కాళ్లు తుడిపిస్తుంది.

ఇన్ని చేశాక కూడా మూడో వానాకాలం మధ్యలో నా వేళ్ల సందుల్లో మళ్లీ మొదలైంది.

డాక్టరమ్మ ముందు కూర్చుని బూట్లు విప్పి చూపించాను. ఆమె నా మీద విసుక్కోలేదు. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా పడుకుంటారా, ఎక్కడైనా స్నానం చేస్తారా అని అడిగింది. మా అవ్వ దగ్గర అన్నాను. "ఆమె కాళ్లు ఎట్లున్నయ్?" అని అడిగింది.

తెలియదన్నాను. తిరిగి వస్తూ బస్సులో ఆలోచించాను. బాపు పోయినప్పటి నుంచి అవ్వ కాళ్లు నేను చూడనే లేదు. కూర్చుంటే చీర కిందికి ముడుచుకుంటుంది. ఇంట్లో కూడా చెప్పులు విప్పదు. పండగకు కాళ్లు మొక్కబోతే భుజాలు పట్టుకుని లేపేస్తుంది. చాదస్తం అనుకున్నాను. బాత్రూం గుమ్మంలో ఉండే రబ్బరు చెప్పులు గుర్తొచ్చాయి, గోడ మేకుకు తాడుతో వేలాడే కట్టరు గుర్తొచ్చింది. మేం ముగ్గురం వాటినే వాడతాం.

ఆ ఆదివారం సిరిసిల్ల పోయాను. అవ్వ మక్కగారెలు చేస్తోంది. పక్కన సాంచాల చప్పుడు ఎప్పటిలాగే గోడల్లోంచి వస్తోంది. కాళ్లు చూపించమన్నాను. మొదట విననట్టు గారెలు తిప్పింది. మళ్లీ అడిగితే నూనె గరిట పక్కన పెట్టి, నా కాళ్లతోని నీకేం పని అని కసిరింది. మా అవ్వ నన్ను కసరడం నేనెరగను. స్టవ్వు ఆపి వెనక గదిలోకి పోయి కూర్చుంది. నేను గుమ్మంలో కూర్చున్నాను. చివరికి అక్షిత సంగతి చెప్పాను. అప్పటిదాకా దానికి గోరు పుచ్చిన మాట అవ్వకు చెప్పలేదు.

అవ్వ చెప్పులు విప్పింది. పది వేళ్లకూ గోళ్లు కొమ్ముల్లా ఉన్నాయి. పసుపు, గోధుమ, కొన్ని వంగి పక్కవేలిని ఒత్తుతున్నాయి. వాటితో ఆమె ఇన్నేళ్లు ఎలా నడిచిందో నాకు తెలియదు. ఆ గదిలో మంచం లేదు, ఎప్పుడో తీసేశాం. అయినా బాపు అక్కడే పడుకుని మమ్మల్ని చూస్తున్నట్టుంది.

"మీ బాపు కాలు కడిగి కట్టు కట్టిన చేతులు గివి" అంది అవ్వ. "ఆయినె పోయిన ఏడాదికి నాకు అచ్చింది. చూపెడితే నాది సుత కోస్తరని భయపడ్డ. గటెనుక భయం పోయింది. ఆయినెది ఒక్కటన్న నాకాడ మిగిలింది, ఉండనీ అనుకున్న."

ఆమె పక్కకు పోయి కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, నేనూ పట్టుకోలేదు. కాసేపటికి, "పోరికి గిట్ల కానియ్యకు" అంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది.

జగిత్యాలలో పరీక్ష చేస్తే అవ్వకు షుగరు లేదని తేలింది. అది విన్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు, నమ్మలేదేమో. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరని, బాపుదే అవ్వ దగ్గర ఇన్నేళ్లు ఉందనుకోవడానికి కూడా లేదని డాక్టరమ్మ అంది. ఆ మాటకు అవ్వ ఆమె వైపు చాలాసేపు చూసింది. వయసు, వేసుకునే ఇతర మందులు చూసి మాత్రలు వద్దన్నారు. గోరు అరగదీసి, పైన పూసే మందు మాత్రమే. పూర్తిగా పోదని, పాకకుండా, గుచ్చుకోకుండా చూసుకోవచ్చని చెప్పారు. సిరిసిల్ల ఇంట్లో రబ్బరు చెప్పులు, పట్టా, కట్టరు తీసేశాం. ఎవరివి వాళ్లకు కొత్తవి కొన్నాం.

ఇప్పటికి నా బొటనవేలి గోరు పూర్తిగా వచ్చింది. పక్కవేలి మూల కొంచెం మందంగానే మిగిలిపోయింది. అది అలాగే ఉండొచ్చన్నారు. రోజూ పొద్దున వెలుతురు ఉన్నచోట కూర్చుని రెండు పాదాలూ, అరికాళ్లతో సహా చూసుకుంటాను. అక్షితది కూడా చూస్తాను. అది విసుక్కుంటూనే చాపుతుంది. బూటు లోపల దురద పెడితే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. ఈ వానాకాలం కూడా రావొచ్చు. వస్తే ముందే చూస్తాను. నేను చేయగలిగింది అంతవరకే.

వారం సెలవుకు సిరిసిల్ల పోయినప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని అవ్వ గోళ్లు అరగదీస్తాను. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నాననిచ్చి, తుడిచి, నా మోకాలి మీద పెట్టుకుంటాను. మొదటి నాలుగైదు సార్లు ఆమె కళ్లు మూసుకుని, పళ్లు బిగించుకుని కూర్చుంది. పోయిన వారం మాత్రం ఉన్నట్టుండి తనలో తనే నవ్వింది. ఏమిటని అడిగాను.

పెళ్లికి ముందు బాపు ఆమెను చూడడానికి కోనరావుపేటకు సైకిల్ మీద వచ్చాడట. కొత్త బూట్లు కొనుక్కుని వేసుకున్నాడట. అవి సగం దారిలోనే కరిచాయట. ఆయన వాటిని హ్యాండిలుకు వేలాడగట్టి, ఒట్టి కాళ్లతో తొక్కుకుంటూ మా తాత ఇంటి ముందు దిగాడట. తొందరలో అవి తొడుక్కోవడం మరిచిపోయి అలాగే లోపలికి వచ్చి కూర్చున్నాడట.

"పిలగానికి చెప్పులు సుత లేవా అని మా నాయన గునుగుతనే ఉన్నడు. నేను తలుపు సందులకెళ్లి చూసిన. ఎర్రటి మన్ను అంటిన కాళ్లు. మంచి కాళ్లు, బిడ్డా. పొడుగు వేళ్లు."

బాపు పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆయన మాట వచ్చినప్పుడల్లా ఆసుపత్రి మాటే వచ్చేది. ఆయనకు అంతకు ముందు కాళ్లుండేవని నేను మరిచిపోయాను. అవ్వ రెండో కాలు తీసి నా మోకాలి మీద పెట్టి, ఆ రోజు ఆయన తిరిగి పోయేటప్పుడు బూట్లు తొడుక్కున్నాడో లేదో ఇప్పటికీ తనకు తెలియదని చెబుతూ కూర్చుంది. నేను అరగదీస్తూ విన్నాను.